మూడో తాళం

బండిలో లోపమా? లేదు లేదు... బండి బంగారం. చెడ్డపేరంతా ఆ మూలది.

మా అపార్టుమెంటు కింద, సెల్లారులో, నీళ్ళ మోటారు గదిని ఆనుకుని చివరగా ఒక చోటుంది. అక్కడ ఎవరూ బండి పెట్టేవాళ్ళు కాదు. వెనకెప్పుడో ఒక డ్రైవరు వాన పడుతోందని అక్కడ కారాపి, అద్దాలు బిగించుకుని, ఇంజను కట్టెయ్యకుండానే లోపల పడుకున్నాడట. పొగ... అంతే. మళ్ళీ కళ్ళు తెరవలేదు. అప్పట్నుంచీ రాత్రిళ్ళు ఆ మూల కారు తలుపు తీసిన చప్పుడొస్తుందని అందరూ అంటారు. అక్కడ కారు లేకపోయినా సరే — తలుపు చప్పుడు!

మా వాచ్‌మన్ ఉన్నాడే, మోటారు వెయ్యడానికి వెళ్ళేటప్పుడు గొంతు చించుకుని పాడుతూ వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు మాత్రం పాటా లేదు పాడూ లేదు, పరుగే.

"ఏరా, లోపల ఎవరికిరా కచేరీ?" అని మా ఆయన ఏడిపించేవాడు.

మా అమ్మాయికి దక్కింది సరిగ్గా ఆ చోటే. కరెంటు బండికి ప్లగ్గు పెట్టుకునే వీలు అక్కడే ఉంది మరి.

మా అమ్మాయి బడి యూనిఫాంలు కుట్టే షాపు పెట్టుకుంది. అల్లుడికి పని వేరే ఊళ్ళో. ఇద్దరు పిల్లల్ని బళ్ళో దింపాలి, బట్టల మూటలు మొయ్యాలి, వీటన్నిటికీ తోడు రోజు విడిచి రోజు వాళ్ళ నాన్నని, అంటే మా ఆయన్ని, డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి. ఆటో ఎక్కాలంటే మోకాళ్ళు లేవవు ఆయనకి. తిరిగొచ్చేటప్పుడు ఒకటే వణుకు. పక్క తలుపు జరిగేదీ, నేల కిందుగా ఉండేదీ, ఇంటిల్లిపాదీ పట్టేదీ కావాలని వెతికి వెతికి, ఒకరు వాడిన కరెంటు వ్యాను చూసింది. "ఊళ్ళో తిరగడానికే కదమ్మా, ఊరు దాటేది ఉందా ఏమన్నానా?" అంది.

మా ఆయన ఒకప్పుడు లారీ డ్రైవరు. వ్యాను చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూశాడు.

"చప్పుడు చెయ్యని బండి ఏం బండే? బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?"

అమ్మినాయన మా ఆయన వయసువాడే. మాట తక్కువ. తాళాలు చేతిలో పెట్టి కూడా ఆ పక్క తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఈ సీటు తొందరగా వెచ్చబడుతుందమ్మా... మా ఆవిడకి చలెక్కువ" అన్నాడు. ఆవిడ పోయాకే అమ్మకానికి పెట్టాడని తర్వాత తెలిసింది.

మా అమ్మాయి అన్నీ చూసుకుంది. బ్యాటరీ ఎంత దూరం వస్తుందో తిప్పి చూసింది, సీట్లు మడిచి చూసింది, తాళాలు రెండూ అడిగి తీసుకుంది. ఇంకేముంది, బండి మనదైపోయిందనుకుంది.

బండొచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే చూస్తే చార్జింగు తరిగిపోయుండేది.

రాత్రి మోటారు వేసే ముందు వాచ్‌మన్ ప్లగ్గు స్విచ్చి కట్టేస్తాడు. రెండూ కలిస్తే ఫ్యూజు పోతుందట. అయినా అప్పటికే బండి నిండిపోయేది. నిలబెట్టిన బండి తెల్లారేలోగా ఎలా ఖాళీ అవుతుంది?

ఒకరోజు మరీ అడుగంటిపోయింది. దారిలో ట్రాఫిక్కు. లోపల ఏసీ కట్టేసి, ప్రాణం ఉగ్గబట్టుకుని నడిపి, ఆసుపత్రికి చేరేసరికి మన బెడ్డు ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అప్పటికే ఒంట్లో నీరు చేరి, ఆ రాత్రి మా ఆయన పడుకోలేక గోడకానుకుని ఎగశ్వాస... మా అమ్మాయి వీపు రాస్తూ కూర్చుంది. ఇంకొక్కసారి ఇలా అయితే నాన్న దక్కడు — ఆ మాట పైకి అనలేదు గానీ దాని మొహమంతా అదే.

రెండు రోజులకి వాచ్‌మన్ మా అమ్మాయి దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పాడు.

"అక్కా... రాత్రి మీ బండిలో లైటెలిగింది. పక్క తలుపు దానంతటదే జరిగింది... ఎవరో ఎక్కేదాకా ఆగినట్టు ఆగింది... మళ్ళీ మూసుకుంది."

"నువ్వు దగ్గరికెళ్ళి చూశావా?"

"నాకు పిల్లలున్నారక్కా!"

ఆ రాత్రి మా అమ్మాయి బట్ట కత్తిరించే పెద్ద కత్తెర పట్టుకుని బయల్దేరింది.

"దెయ్యానికి కొలతలు తీస్తావా ఏం తల్లీ?" అన్నాడు వాళ్ళ నాన్న మంచం మీంచి. "జాకెట్టు బిగుతుగా కుట్టకు, పాపం."

నవ్వింది. ఆ నవ్వు మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు.

డ్రైవరు సీట్లో ఒదిగి కూర్చుంది. అవతల మోటారు గుయ్యిమంటోంది. తర్వాత అదీ ఆగిపోయింది. ఎక్కడో గొట్టంలోంచి చుక్క... ఇంకో చుక్క. అద్దం మీద దాని ఊపిరే పొగమంచులా పడుతుంటే, ఆ డ్రైవరు కూడా ఇలాగే కూర్చున్నాడు కదా అనిపించిందట. వెనక్కి చూడాలంటే మెడ తిరగలేదు.

టక్...

లైటు వెలిగింది.

పక్క తలుపు — మెల్లగా — జరిగింది. ఎవరూ లేరు. సెల్లారు గోడ, చీకటి. లోపల వెచ్చటి గాలి మొదలైంది. తలుపు అలాగే తెరుచుకుని ఉంది... ఎదురుచూస్తున్నట్టు.

"ఎవరూ...?" అంది. కత్తెర అటు చాపింది.

తలుపు మూసుకుంది. ముందున్న తెర మీద అక్షరాలొచ్చాయి — ఫోనుతో తలుపు తీశారని.

మా అమ్మాయి ఫోను పైన ఇంట్లో ఉంది. మరి ఇదెవరి ఫోను?

తెల్లారగానే అమ్మినాయనకి ఫోన్ చేసింది. రాత్రి జరిగిందంతా చెప్పింది. "నేనేనమ్మా" అన్నాడు.

చూశావా... రెండు తాళాలు తీసుకున్నాం. మూడోది ఆయన ఫోన్లో ఉంది, ఎక్కడ్నుంచి నొక్కినా తలుపు తెరుచుకుంటుంది. అది తీయించాలని మాకు తెలీదు, తియ్యాలని ఆయనకి మనసు రాలేదు.

సాయంత్రం ఆయనే వచ్చాడు. తల ఎత్తలేదు.

"నిద్ర పట్టదమ్మా. ఆవిడని తీసుకెళ్ళే ముందు పైనుంచే తలుపు తీసి, సీటు వెచ్చబెట్టేవాణ్ణి. ఇప్పుడూ అలాగే నొక్కుతాను. తలుపు తెరుచుకుంది అని ఫోన్లో వస్తుంది... అది చూస్తే, వేడి కట్టెయ్యకుండానే కాస్త కన్నంటుకుంటుంది. మీ నాన్నగారి చార్జింగు తింటున్నానని అనుకోలేదు, తప్పైపోయింది."

పొద్దుట్నుంచీ మా అమ్మాయి దాచుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో.

మా ఆయనే లేచాడు. "పదవయ్యా కిందికి. తీసేసే ముందు ఇంకొక్కసారి నొక్కు, నేనూ చూస్తా."

అందరం దిగాం. ఆయన నొక్కాడు. తలుపు జరిగింది. మా ఆయన ఎక్కి, ఆ వెచ్చటి సీట్లో వీపు ఆన్చి, కళ్ళు మూసుకున్నాడు.

"బతికే ఉందే బండి" అన్నాడు.

ఆ తర్వాత మా అమ్మాయి ఆయన ఫోన్లోంచి బండిని తీసేసింది. ఇద్దరూ కలిసి ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు. పోయింది. ఆయన ఖాళీ ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక భయం లేదని ఇంట్లో అందరం హాయిగా పడుకున్నాం.

నడిరాత్రి మా ఆయన నన్ను తట్టాడు.

"కింద తలుపు తీశారే."

"నాలుగంతస్తుల కింద తలుపు నీకెలా వినపడింది? పడుకో."

"చలి తగ్గింది" అన్నాడు. నేను దుప్పటి కప్పి అటు తిరిగాను... అటు తిరిగాను చూడు.

ఇంకా చీకటుండగానే మా అమ్మాయి ఆసుపత్రికి బండి సిద్ధం చెయ్యడానికి దిగింది. మూల మలుపు తిరిగేసరికి — వెలుతురు.

పక్క తలుపు బార్లా తీసుంది. సీటు మీద చెయ్యి వేసింది. వేడి... ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. ప్లగ్గు స్విచ్చి చూసింది, వాచ్‌మన్ రాత్రే కట్టేశాడు. తెర చూసింది. చార్జింగు నిండుగా ఉంది. ఒక్క చుక్క తరగలేదు.

అక్కణ్ణుంచే ఆ పెద్దాయనకి ఫోన్ చేసింది.

"బాబాయిగారూ... మీరేనా?"

"నా దగ్గరేముందమ్మా ఇంక? మీ చేత్తోనే తీసేశారుగా..."

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లన్నీ పరుగున ఎక్కింది. "నాన్నా! నాన్నా, లే... బండి రెడీగా ఉంది" అంటూనే వచ్చింది.

మా ఆయన లేవలేదు. ఆ "చలి తగ్గింది" అన్నదే ఆయన ఆఖరి మాట.