మగ్గం గుంత మీద ఎర్రకళ్ల ఈగలు

డిటెక్టివ్ రాజలింగం గాజు గొట్టం ఒక కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస కుళ్లిన అరటిపండు మీద ఉంచి సుర్రుమని పీల్చాడు. నాలుగు చిట్టి ఈగలు గొట్టంలో పడ్డాయి. మధ్యలో గుడ్డ అడ్డం ఉంటుందని ఆయన వందసార్లు చెప్పినా, అసిస్టెంటు భిక్షపతికి ఆ పని చూడబుద్ధి కాదు. కేసు పట్టడంలో తన సారును మించినవాడు నల్లగొండ జిల్లాలో లేడని ఊరంతా తిరిగి చెప్పే భిక్షపతి, ఈ ఈగల సంగతి మాత్రం ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

"ఇవి ఇంటి ఈగలు కావు భిక్షపతీ. పులిసిన చోట పుడతయి. కండ్లు చూడు, కుంకుమ రంగు."

"దండం సార్, నాకు చూపియ్యకుండ్రి."

అప్పుడే ఒక ఆడమనిషి గడప బయట నిలబడి కొంగుతో నోరు నొక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. పేరు సాలమ్మ, దేవరకొండ దగ్గరి పల్లె.

"సారూ, నా పెనిమిటిని ఉరి తీస్తరట. జర మీరే కాపాడాలె."

ఆమె భర్త గురవయ్య రెండు నెలలు అమ్రాబాద్ అడవిలో వెదురు కొట్టి బుధవారం సాయంత్రమే ఇల్లు చేరాడు. శుక్రవారం వాళ్ల గడ్డివాములో నేతపనివాడు సిద్దయ్య శవం దొరికింది, తల పగిలి. పోలీసులు గురవయ్యను పట్టుకుపోయారు. సిద్దయ్యను బుధవారం పొద్దున ప్రాణాలతో చూశానని ఆయన తమ్ముడు వెంకటనర్సు సాక్ష్యం చెప్పాడు. ఈ ఎండలకు శవం ఎన్నాళ్లదో చెప్పలేమని దవాఖానలో చేతులెత్తేశారు.

"సిద్దయ్య శానా మంచోడు సారూ. ఇల్లు కట్టుకొమ్మని ఆయన పెరట్ల సగం జాగా మాకిస్తనన్నడు. గసొంటోన్ని మావోడు ఎందుకు సంపుతడు?"

మర్నాడు దేవరకొండ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు ముక్కుకు రుమాలు కట్టుకుని, శవం మీది ధోవతి మూటను బల్ల మీద పడేశాడు. వాసనకు భిక్షపతి బయటికి పరుగెత్తి పొద్దున తిన్నదంతా కక్కుకున్నాడు. తిరిగొచ్చేసరికి రాజలింగం అదే ధోవతి మీద భూతద్దంతో వంగి ఉన్నాడు. గుడ్డ గంజితో అట్టకట్టింది. గంజి తగలని పొడి అంచు మడతల్లో గోధుమరంగు పురుగు గూళ్లు, నువ్వుగింజ కన్నా చిన్నవి, వరసగా అతుక్కుని ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ సూదితో తీసి సీసాలో వేశాడు. ఛీ, ఇదేం బతుకు అనుకున్నాడు భిక్షపతి.

అక్కడి నుంచి సిద్దయ్య ఇంటికి పోయారు. వెంకటనర్సు రాజలింగానికి ఇత్తడి చెంబుతో నీళ్లిచ్చాడు. భిక్షపతిని ఎగాదిగా చూసి, "మీది ఏ వాడ?" అని అడిగి, చెప్పాక, దోసిలి పట్టమని చెంబు పైకెత్తాడు. దాహం లేదన్నాడు భిక్షపతి. గొంతు మాత్రం ఎండిపోతోంది.

"గంజి తొట్టి ఖాళీగ ఉందేమి?" అడిగాడు రాజలింగం.

"బుధవారం పొద్దుగాల అన్న పడుగు నూలు గట్టిపడనీకి పట్టిండు. గంజంత దానికే అయింది."

"ఇంట్ల ఇంకెవరున్నరప్పుడు?"

"నేనొక్కన్నే. వదిన అంతకుముందు శుక్రవారమే తల్లిగారింటికి పోయింది."

రాజలింగం దండెం మీద పొడుగ్గా చాపిన పడుగు నూలును వేళ్లతో నిమిరి మగ్గం దగ్గరికి నడిచాడు. నేసేటప్పుడు కాళ్లు దించే గుంతను పేడతో కొత్తగా అలికారు. దాని మీద ఎర్రకళ్ల ఈగలు ముసిరి ఉన్నాయి. ఆయన గొట్టం తీశాడు. భిక్షపతి మొహం తిప్పుకున్నాడు.

మరుసటి ఉదయం అందరినీ అదే గదికి పిలిపించాడు. ఇన్‌స్పెక్టరు, సిద్దయ్య భార్య లీలమ్మ, వెంకటనర్సు లోపల నిలబడ్డారు. సాలమ్మ గుమ్మం దాటనంటే రాజలింగమే లోపలికి పిలిచాడు.

"లీలమ్మా, గా పడుగు చూసి చెప్పు. గంజి పట్టిందా?"

ఆమె పోగు పట్టుకుని నలిపింది. "గంజి తాకనే లేదు. నూగు గట్లనే ఉంది."

"మరి తొట్టెడు గంజి ఎటు పోయింది?" రాజలింగం సీసా ఎత్తాడు. "ఈ ఈగ గుడ్లు పెట్టేది పులిసిన దాంట్ల. పురుగు తిని బలిసినంక పొడి జాగా వెతుక్కుని గూడు కట్టుకుంటది. ఎంత ఎండాకాలమైనా దానికి నాలుగు రోజులు కావాలె. సీసాల్ల పెంచి చూసిన. శుక్రవారం శవం దొరికిననాడే ఈ గూళ్లున్నయని పంచనామల రాసుంది. అంటే సోమవారానికే సిద్దయ్య గంజిల నాని ఉన్నడు. గురవయ్య అప్పుడు అడవిల ఉన్నడు. బుధవారం ఈయన చూసింది ఎవరిని?"

రాజలింగం సీసా దింపి మగ్గం గుంత వైపు చూపించాడు.

"నేత ఇంట్ల పులిసిన వాసనొస్తే ఎవరూ ఏమనుకోరు. గందుకే వెంకటనర్సు శవాన్ని మగ్గం గుంతల పెట్టి మీద గంజి గుమ్మరించిండు. గురవయ్య వచ్చిండని తెలిసినంక గడ్డివాముకు మోసిండు. పడుగుకు పట్టిండని అబద్ధం చెప్పిండు గాని, పడుగును తడుపుడు మరిచిండు."

కానిస్టేబుల్ గుంత అడుగును పారతో పెకలించాడు. పైపూత ఊడగానే గుప్పుమన్న కంపుకు అందరూ గోడకు జరిగారు. పురుగులు లుకలుకలాడుతున్న గంజి ముద్దలో వెండి కడియం మెరిసింది.

"అయ్యో, మా ఆయనది!" లీలమ్మ కూలబడింది.

వెంకటనర్సు కడియాన్ని చూడలేదు. సాలమ్మను చూశాడు. మొహం అసహ్యంతో వంకరపోయింది.

"మా గోడకు ఆనిచ్చి గీళ్లు ఇల్లు కట్టుకుంటరా? గీళ్ల పొయ్యి పొగ నేను పీల్చాల్నా? వద్దన్న. ఇనలే. రోకటితో ఒక్కటేసిన."

భిక్షపతి మళ్లీ మొహం తిప్పుకున్నాడు. ఈసారి గుంతలోని కంపుకు కాదు. తోబుట్టువును రోజుల తరబడి పురుగులకు మేపినవాడు, పక్కింటి పొగకు ముక్కు మూసుకుంటున్నాడు.

సాయంత్రానికి గురవయ్య ఇంటికొచ్చాడు. సాలమ్మ పక్కన కూర్చున్నాడు. పెరటి జాగా మీదేనని, మా ఆయన మాట నా మాటేనని లీలమ్మ కబురు పంపింది. సాలమ్మ చెంబు బూడిదతో తోమి నీళ్లు తెచ్చి, అటు ఇటు చూసి, బెరుకుగా భిక్షపతి చేతికిచ్చింది. అంతలో ఒక చిట్టి ఈగ వచ్చి నీళ్లలో పడింది.

"అయ్య, వేరేయి తెస్త!" అందామె.

"వద్దక్కా," అన్నాడు భిక్షపతి. ఈగను కొనవేలితో మెల్లగా తీసి గడప మీద పెట్టి, చెంబెత్తి గటగటా తాగాడు.