మూడో రికార్డులో ‘ప్చ్’

ఈ కథ నాకు మొదట చెప్పింది మా చిన్నకోడలు. పాత రికార్డులు దాచే లైబ్రరీలో దుమ్ము దులిపే పని ఆ పిల్లది. అక్కడ కింది అంతస్తులో, నడవా చివర, పాటలు వినే గది ఒకటుంది. దానికి మంచి పేరు లేదు. దీపాలు పెట్టాక అటు ఎవరూ పోరు.

“ఎందుకు పోరు?” అన్నాను.

“అందులో ఎవరో ఉన్నారు మావయ్యా...” అంది గొంతు తగ్గించి.

చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆ లైబ్రరీలో ఒకాయన ఉన్నాడు. ఒకే పాటను నలుగురు వాయిస్తే ఎవరిది మేలో తూచి చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకని ‘తక్కెడ’ అంటారు. అరలు చాలడం లేదు, పాటకో రికార్డు ఉంచి మిగతావి పారేయండని పైనుంచి హుకుం వచ్చింది. ఆ రాత్రి తక్కెడ ముందు మూడు రికార్డులున్నాయి. మూడింట్లోనూ ఒకటే పాట — నూటయాభై ఏళ్ళ కిందట, ప్రేమలో దెబ్బతిన్న ఒకాయన ఒంటరి పియానోకి కట్టిన రాత్రిపాట.

మొదటిది పెట్టాడు. వాయించినవాడు రైలు తప్పిపోతున్నట్టు పరిగెత్తాడు. రెండోది పెట్టాడు. వాడు అడుగడుక్కీ ఆగి ఏడ్చాడు. మూడోది ఒకావిడది. పరుగూ లేదు, ఏడుపూ లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు వాయించింది. తక్కెడ కళ్ళు మూసుకున్నాడు. పాట పైకి పోయింది... ఇంకా పైకి... అక్కడ ఒక్క క్షణం ఆగింది—

“ప్చ్...”

చెవి పక్కనే!

వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. తలుపు గడియ వేసినట్టే ఉంది. మొదటి రికార్డు మళ్ళీ పెట్టాడు — ఆ చోట ఏమీ లేదు. రెండోది — లేదు. మూడోది మళ్ళీ పెట్టాడు.

“ప్చ్...”

ఆ వెంటనే, ఇంకాస్త దూరం నుంచి, మెల్లగా... “ప్చ్...”

వాయించినావిడ పోయి పాతికేళ్ళు. “తల్లీ... నేనేం తప్పు చేశాను?” అని గొణిగి, ఒక చెప్పు అక్కడే వదిలి మెట్లెక్కాడట తక్కెడ. మర్నాడు కాగితం రాసిచ్చాడు — మూడో రికార్డులో దెయ్యం ఉంది, పారేయాలి అని.

“సోమవారం చెత్తబండి వస్తుంది మావయ్యా.”

“దెయ్యమేంటే పిచ్చిమొహమా! అది నేను.”

“మీరా? మీరింకా బతికే ఉన్నారుగా!”

ఉన్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఆ పియానో శ్రుతి చేసింది నేనే. వీధిలో బళ్ళ మోత ఆగాకే రికార్డు చేసేవాళ్ళు. తెర వెనక బల్ల మీద నేనూ, నా సంచీ మోసే మా బావమరిదీ కూర్చున్నాం. పియానోలో పై స్థాయిలో ఒక్కో స్వరానికి మూడు తీగలుంటాయి. మూడూ ఒక్క గొంతుతో పలకాలి. ఆ రాత్రి ఒక తీగ వెంట్రుకవాసి జారింది. లోకంలో ఎవడికీ వినపడలేదు. నాకు వినపడింది. నోరు ఊరుకోలేదు.

ఆవిడ బతికున్నన్నాళ్ళూ నేను తప్ప వేరేవాణ్ణి పియానో ముట్టనివ్వలేదు. అయినా రికార్డు అట్ట మీద నా పేరు లేదు. శ్రుతి చేసినవాడు సంతకం పెట్టాలంటూ కాగితం తెచ్చారు. నాకప్పుడు వేలిముద్రే. దాని పక్కన సాక్షిగా బావమరిది సంతకం పెట్టాడు. అచ్చువాళ్ళు చదవగలిగిన పేరు వేశారు. వాడా అట్టను గోడకి తగిలించుకున్నాడు, ఈనాటికీ! సంచీ మోసినవాడికి చెవెక్కడిదని నేను ముప్పై ఏళ్ళుగా కనపడ్డవాడికల్లా చెబుతూనే ఉన్నాను.

“రెండుసార్లు వినపడుతుందట మావయ్యా,” అంది కోడలు.

“నేనన్నది ఒక్కటే.”

ఆదివారం దీపాలు పెట్టాక కోడల్ని వెంటబెట్టుకుని ఆ గదికి పోయాను. మూడోది పెట్టించాను. పాట పైకి పోయింది... ఆగింది...

“ప్చ్.” నాదే. సందేహం లేదు.

తరవాత... రెండోది. ముందుపళ్ళ సందులోంచి సన్నటి ఈల కలిసిన “ప్చ్”. నలభై ఏళ్ళుగా నా పక్కన కూర్చుని అన్నం తింటూ వినిపించిన ఈలే అది.

అంటే... ఆ తీగ జారడం సంచీ మోసినవాడికీ వినపడిందన్నమాట!

“ఎవరిది మావయ్యా?” అంది కోడలు నా చెయ్యి పట్టుకుని.

“నోర్మూసుకుని పద.”

లైబ్రరీ వాళ్ళకి ఈ నాలుగు ముక్కలూ నా చేత్తోనే రాస్తున్నాను. ఈ వయసులో కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నది ఇప్పుడు పనికొచ్చింది. రేపు చెత్తబండి వచ్చేలోగా మీలో ఎవరైనా ఆ కాగితం సరిచేయండి. మూడో రికార్డు పారేయకండి. నా చెవికీ చేతికీ లోకంలో మిగిలిన గుర్తు అదొక్కటే. మొదటి ‘ప్చ్’ నాదని రాయండి.

రెండోది... దెయ్యమనే ఉంచండి.