కడగని మెమొరీ

పలాస స్టేషన్ బెంచీ మీద కూర్చుని, చచ్చిపోయే ముందు మోహన్ మాట్లాడింది పెళ్లి గిన్నెల గురించి.

"నీకర్థమయ్యేలా సెప్తాను, సూడు బావా. పెళ్లికి సప్లయర్ కాడ గిన్నెలు తెత్తాం కదా. సగం ఖాళీగా పడున్నాయనుకో, సప్లయర్ వచ్చి అట్టుకుపోయి పక్క పెళ్లికిచ్చేత్తాడు. కంప్యూటర్ల కాడా అంతే. హోస్ట్ అని ఒక పెద్ద మెషీన్ ఉంటాది. దాని మీద నలుగురు అద్దెకుంటారు. ఆటినే వర్చువల్ మెషీన్లంటాం."

"గిన్నెలేవి మరి?" అన్నాడు నిరంజన్. ఏసీ మెకానిక్ వేషం. ఖాకీ చొక్కా, భుజాన టూల్‌బ్యాగ్.

"మెమొరీయే గిన్నెలు. ప్రతి అద్దెమెషీన్ లోపలా బెలూన్ అని చిన్న ప్రోగ్రాం ఉంటాది. హోస్ట్‌కి మెమొరీ సాలకపోతే ఆ బెలూన్ ఊదుద్ది. అది ఉబ్బి, లోపల వాడని జాగానంతా లాగి హోస్ట్‌కి అప్పగిత్తాది. హోస్ట్ దాన్ని సుబ్బరంగా కడిగి పక్కోడికి ఇయ్యాల. మా టెక్కలి డేటా సెంటర్లో ఎవడో కడగడం ఆపేసాడు. మన పులుసు అడుగున ఉండగానే గిన్నె పక్కోడికి పోతంది."

నిరంజన్‌కి విషయం ఎక్కింది. ఆ హోస్ట్ మీద తను పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్ మెషీన్ ఒకటుంది. పొద్దున దానికొచ్చిన సీక్రెట్ మెసేజ్‌ని డీకోడ్ చేసి, చదివి, చెరిపేశారు. చెరిపేశారంటే ఆ జాగా ఖాళీ అని రాసుకున్నారు, అంతే. అక్షరాలు అక్కడే ఉన్నాయి.

ఆ మెసేజ్ మోహన్ అన్న కామేశ్‌ది. విదేశీ ముఠాలో దూరి మూడేళ్లు పనిచేసిన మన ఏజెంట్. ఈ మధ్యాహ్నం తవిటయ్య అనే జాలరి పడవలో నువ్వలరేవులో దిగుతున్నాడు. ముఠా ట్రాలర్ ఒకటి సముద్రంలో కాచుకుని ఉంది. ఏ ఒడ్డో తెలిస్తే చాలు, దారిలోనే కాల్చేస్తారు. పడవలో ఫోన్లు ఆపేసి ఉన్నాయి, చెబుదామన్నా దారి లేదు.

"మా అన్నయ్యని ఒడ్డెక్కించు బావా," అన్నాడు మోహన్.

నల్ల కళ్లజోడు పెట్టుకున్న ఆవిడెవరో బెంచీ వెనకనుంచి రాసుకుంటూ వెళ్లింది. "ఏటో కుట్టింది," అని మోహన్ మెడ రుద్దుకున్నాడు. తల నిరంజన్ భుజం మీద వాలిపోయింది. విషపు సూది. ఇంత చిన్న పని, ఇంత తొందరగా అయిపోయింది.

నిరంజన్ అతని మెడ మీద వేలుపెట్టి చూశాడు. నాడి లేదు. తన చేతి గ్లాసులో టీ మిగిలి ఉంటే తాగేశాడు. ఎందుకు తాగావయ్యా అంటే ఏం చెబుతాడు? పన్ను పీకేముందు సూదిమందు పడిన దవడలా మనిషంతా మొద్దుబారిపోయాడు. ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. లేచి టెక్కలి బస్సెక్కాడు.

బస్సులోంచి చీఫ్ తారకేశ్వరరావుకి ఫోన్ చేశాడు.

"జీడిపప్పు రేటెంత?" చీఫ్ కోడ్.

"తడిసిన పప్పుకి రేటు లేదు. సర్, మోహన్ పోయాడు."

"మన మెషీన్ ఆపించెయ్యనా?"

"ఆపితే దాని మెమొరీ మొత్తం ఒక్కసారే హోస్ట్‌కి పోతుంది. పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. నేను వెళ్లి దానిమీద వేరేది రాస్తాను. మీరు కోస్ట్ గార్డ్‌ని భావనపాడు పంపండి."

"కామేశ్ దిగేది నువ్వలరేవులో కదయ్యా!"

"అందుకే సర్."

"జయశ్రీ సాయం తీసుకో. ఆవిడ జీడిపప్పు కంపెనీ మెషీన్ కూడా ఆ హోస్ట్ మీదే ఉంది."

"ఆవిడ మన దగ్గరా జీతం తీసుకుంటుంది, ముఠా దగ్గరా తీసుకుంటుంది. ఇవాళ ఎటో తేలిపోతుంది," అని నిరంజన్ ఫోన్ పెట్టేశాడు.

సర్వర్ రూంలో చలి. టూల్‌బ్యాగ్‌లోని స్పానర్ పిడి తిప్పితే యూఎస్‌బీ బయటికొచ్చింది. దాన్ని గుచ్చి స్క్రీన్ చూశాడు. బెలూన్ అప్పటికే ఉబ్బుతోంది. జీడిపప్పు కంపెనీ మెషీన్ ఉన్నట్టుండి బోలెడు మెమొరీ అడిగింది, హోస్ట్ దానికోసం మన మెషీన్‌ని పిండుతోంది. జీడిపప్పు లెక్కలకి అంత మెమొరీ ఎందుకమ్మా!

నిరంజన్ తన ప్రోగ్రాం వదిలాడు. దాని పని ఒకటే. మిగిలిన ఖాళీ జాగానంతా బెలూన్‌కి దొరక్కుండా ముందు తను పట్టుకోవాలి, పేజీ అనే ప్రతి మెమొరీ ముక్కలోనూ ఒకే అబద్ధం రాయాలి, మళ్లీ ఖాళీ అని వదిలెయ్యాలి. ఇటు ప్రోగ్రాం, అటు బెలూన్, రెండూ ఒక్క మెమొరీ కోసమే ఎగబడ్డాయి. మొదట పోయిన పేజీల్లో కామేశ్ మెసేజ్ లేదని నమ్మడం తప్ప చేసేదేం లేదు. గుండె దడదడలాడాలి, న్యాయంగా. ఆడలేదు. ఆఖరి పేజీ మీద అబద్ధం పడ్డ మరుక్షణం బెలూన్ దాన్ని మింగేసింది.

"చేతులు పైకెత్తు మెకానిక్."

జయశ్రీ. పట్టుచీర, నల్ల కళ్లజోడు. ఒక చేతిలో పిస్తోలు, ఇంకో చేతిలో ఫోన్.

"ప్లాట్‌ఫాం మీద సూది మీదేనా?" అన్నాడు నిరంజన్ చేతులెత్తి.

"నాదే." ఆవిడ ఫోన్ చూసుకుంది. "కామేశ్, నీలం పడవ, భావనపాడు. ఇది నిజమా, నువ్వు రాసిందా?"

ఆవిడ కళ్లజోడు తీసి అతని మొహంలోకి తేరిపార చూసింది. మొహాలు చదవడంలో జయశ్రీని మించినవాళ్లు లేరని పేరు. అబద్ధమాడేవాడికి కంటికొసన ఒక మెరుపో, ఒక బెరుకో ఉంటుంది. ఇక్కడ ఏదీ లేదు. చచ్చిన చేపకున్నంత కళ కూడా లేదు.

"ఓడిపోయినవాడి మొహం," అని నవ్వి ట్రాలర్‌కి మెసేజ్ కొట్టింది.

పిస్తోలు దించకుండా కాసేపు జవాబు కోసం చూసింది. వచ్చిన జవాబు నాలుగే మాటలు. భావనపాడు దగ్గర కోస్ట్ గార్డ్. ఆవిడ చూపు ఫోన్ మీద ఉండగానే నిరంజన్ స్పానర్ లాగి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్తోలు నేలన పడింది.

"నీ మొహంలో ఏమీ లేదే!" అంది జయశ్రీ, నిజంగానే ఆశ్చర్యపోయి.

"పొద్దుటినుంచీ అంతే మేడం," అని ఆవిడ చేతులు కేబుల్‌తో కట్టి సెక్యూరిటీకి అప్పగించాడు.

నువ్వలరేవు చేరేసరికి నీలం పడవ కెరటాల మీద ఊగుతోంది. మోకాలిలోతు నీళ్లలోకి దూకిన కామేశ్ గడ్డం పెరిగి, ఎండకి కమిలి, నవ్వుతున్నాడు.

"తమ్ముడు రాలేదేటి? పలాసలో ఉంటానన్నాడు?"

"ఉన్నాడు. పొద్దున చంపేశారు. నా పక్కనే," అన్నాడు నిరంజన్. ఇంతకన్నా మెల్లగా చెప్పే పద్ధతేదో ఉండే ఉంటుంది, అతనికి తోచలేదు.

కామేశ్ నీళ్లలో నిలబడిపోయాడు. అది చూశాక నిరంజన్ కూడా నీళ్లలోకి దిగాడు. దుఃఖం తన్నుకొచ్చింది, పొద్దుటిదంతా ఒక్కసారే. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని మోకాలిలోతు నీళ్లలో భోరుమన్నారు.

తవిటయ్య కాసేపు చూశాడు, తలపాగా విప్పి కళ్లు తుడుచుకున్నాడు. మరో కెరటం లేచింది.

"ఏడవండి బావూ, ఏడవండి. ఏడుత్తూనే సెయ్యెయ్యండి, పడవ పోద్ది," అని కేకేశాడు.

ఇద్దరూ పడవకి భుజాలానించారు. నిరంజన్ జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్! ట్రాలర్ దొరికింది. మిషన్ అయిపోయినట్టేనా?"

"లేదు సర్," ముక్కు ఎగబీలుస్తూ అన్నాడు నిరంజన్. "ఇంకా సగం నీళ్లలోనే ఉంది. మళ్లీ ఫోన్ చేస్తాను, ఒంటి చేత్తో పడవ కదలట్లేదు."