రెండో తాళంచెవి

"జీపు! జీపు ఎటు పోయింది?"

పంకజం వీధి మధ్యలో నిలబడి అరుస్తోంది. కాళ్ళకు చెప్పుల్లేవు. చేతిలో ఇంకా అన్నం గరిటె!

పలికేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పుదుచ్చేరిలో ఆ వేళకు షట్టర్లు దిగిపోతాయి. మళ్ళీ నాలుగింటికి గానీ లేవవు. జనం తిని పడుకుంటారు. పంకజం ఉండే లాస్‌పేటలో అర్ధరాత్రి కుక్కైనా మొరుగుతుంది. ఈ వేళలో అదీ లేదు.

మనిషిని ఎత్తుకుపోవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

రెండు నిమిషాల క్రితం తలుపు తట్టారు. తమ్ముడు రాఘవన్ తీశాడు. ఒక ఇన్‌స్పెక్టరు, ఒక కానిస్టేబులు. మాటా లేదు, పలుకూ లేదు. చేతికి బేడీ... టక్! ఆమె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి తమ్ముణ్ణి జీపు వెనక ఎక్కించేశారు. బేడీ రెండో కొస జీపు కడ్డీకి తగిలించారు.

అప్పుడు చూసింది.

బేడీ మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క!

కానిస్టేబులు చొక్కా భుజం మీద నీలం దారం కుట్టు!

ఆ చుక్క తను పెట్టింది. ఆ కుట్టు తను వేసింది.

పంకజానిది షూటింగులకు సామాను అద్దెకిచ్చే కొట్టు. లాయరు కోటు నుంచి శవపేటిక దాకా అన్నీ ఉంటాయి. నిన్న సాయంత్రం పాండియన్ అని ఒకతను వచ్చాడు. నల్లకళ్ళద్దాలు తీయని మనిషి. వెబ్ సిరీస్ అని చెప్పి రెండు జతల ఖాకీ, ఒక జత బేడీలు పట్టుకెళ్ళాడు.

అంటే... వాళ్ళు పోలీసులు కాదు!

మరెవరు?

ఇంకెవరు... సౌందరరాజన్ మనుషులు!

సౌందరరాజన్ తన గోడౌన్‌లో ఒక మనిషిని ఇనుపకడ్డీతో కొట్టి చంపాడు. రాఘవన్ కళ్ళారా చూశాడు. సోమవారం కోర్టులో ఆ మాట చెప్పాలి. ఇవాళ శనివారం. మధ్యలో ఒక్క ఆదివారం... ఆ ఒక్కరోజు గడిచి తమ్ముడు బతికి బట్టకడితే చాలని పది రోజులుగా ఆమె కంటిమీద కునుకు లేదు.

"అక్కా! ఏమైందక్కా?"

బైకు. హెల్మెట్. వీపున కొరియర్ సంచి.

తెలుగు! అదీ ఇంట్లో మాట్లాడే తెలుగు!

ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళకు వీధిలో అరవం, గడప లోపల తెలుగు. తాతముత్తాతల కాలం నుంచీ అంతే. చదవడం రాదు, రాయడం రాదు. కానీ పరాయి నోట ఆ మాట వినబడితే చుట్టం ఎదురైనట్టే. "మనోళ్ళు" అనేస్తారు. ఇక ఊరూ పేరూ అడగరు.

పంకజమూ అడగలేదు.

"మా తమ్ముణ్ణి ఎత్తకపోతా ఉండారు నాయనా! పోలీసులు మాదిరి వచ్చి..."

"నా పేరు కేశవన్. ఎక్కు అక్కా, బిరీన!"

గరిటె రోడ్డు మీద పడింది. బైకు లేచింది.

ఎండ మొహాన కొడుతోంది. ఒక మలుపు... ఇంకో మలుపు... మూసిన కొట్లు, మూసిన కొట్లు. దూరంగా జీపు వెనక టార్పాలిన్ ఎగురుతోంది!

"అదే! అదే జీపు!"

మధ్యలో రెండు బస్సులు దూరాయి. పెద్ద సిగ్నల్ దగ్గర జీపు దాటేసింది. వీళ్ళకు ఎర్రలైటు పడింది.

గొడుగు కింద ట్రాఫిక్ పోలీసు!

పంకజం బైకు మీదే కూర్చుని గుక్క తిప్పుకోకుండా అరవంలో చెప్పేసింది. ఆయన ఆవలించాడు.

"పోలీసులు తీసుకుపోతే స్టేషన్‌కి పోయి అడుగమ్మా."

"వాళ్ళు పోలీసులు కాదు సార్! ఆ బేడీ నాది!"

"బేడీ నీదా?"

"దాని కీ కూడా నా దగ్గరే ఉంది. ఇదిగో!"

బొడ్డుసంచిలోంచి తీసి చూపించింది. కొరివితో తల గోక్కుంది!

ఆయన నిద్ర ఎగిరిపోయింది.

"బేడీల కీ నీ దగ్గరెందుకుంది? ఎవరిచ్చారు? పర్మిషన్ ఉందా? ఇలా తే!"

"షూటింగ్ సామాను సార్..."

"స్టేషన్‌లో చెప్పుకో. దిగు ముందు!"

తమ్ముడి ప్రాణం పోతోందంటే చెవికెక్కలేదు. చిటికెనవేలంత ఇనుపముక్క కనబడగానే మహానుభావుడికి చట్టం మొత్తం గుర్తొచ్చింది! పంకజానికి ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి ఆమె మణికట్టు మీద పడబోయింది.

"పట్టుకో అక్కా!"

కేశవన్ యాక్సిలరేటర్ తిప్పాడు. ఎర్రలైటు వెనకపడింది. విజిల్ వినబడుతోంది... వినబడుతోంది... ఆగిపోయింది.

"దేవుడు మాదిరి వచ్చినావు నాయనా," అంది పంకజం అతని భుజం పట్టుకుని.

అతను నవ్వాడు. "ఒకటి అడిగేదా అక్కా? ఆ కీ మనబోటోళ్ళు పెట్టుకోవచ్చునా? తప్పు లేదా?"

"రెండు కీలుంటాయి. ఒకటి సామానుతో పోతాది. రెండోది నా బొడ్డులోనే. షూటింగులో కీ పోగొట్టని మొగోడు ఇంకా పుట్టలేదు. ఒక హీరో అయితే మూడు గంటలు మంచంకోడుకే ఉండిపోయినాడు, భోజనం గూడా ఆడికే పోయింది!"

"అది సరే... చట్టం?"

"వకీలునడిగినా. పెట్టుకుంటేనే తప్పని రాసిన సెక్షన్ ఏదీ ఆయన కంట పడలేదంట. అనుమానం మాత్రం పడతారంట. పోలీసోళ్ళు పట్టినోణ్ణి దాంతో ఇడిపిస్తే... అప్పుడు జైలే!"

"ఇప్పుడు నువ్వు ఇడిపించబోతా ఉండావే?"

"వాళ్ళు పోలీసులే కాదు గదయ్యా! కేసు యాడిది?"

బైకు కొంచెం నెమ్మదించింది.

"గెట్టిగా తెలుసునా అక్కా? నిజం పోలీసైతే నేను ముందుకు రాను. పోలీసు మీదికి ఎవురు పోతారు చెప్పు?"

పంకజం అతని భుజం ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇతను కూడా దించేసి పోతే?

"నేను కుట్టిన కుట్టు నాకు తెలవదా? మా అమ్మ మీద ఒట్టు! ఇద్దరూ సినిమా యేషగాళ్ళు. నిజం పోలీసులు కారు!"

"చాలు అక్కా. ఆ మాట చాలు."

బైకు బాణంలా దూసుకుపోయింది.

కడలూరు రోడ్డు. అరియాంకుప్పం వైపు పోయే బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. ఆటోలు, లారీలు, స్కూటర్లు... హారన్లే హారన్లు!

రైలు గేటు పడింది!

అన్నిటికంటే ముందు, గేటు కడ్డీకి మూతి ఆనించి నిలబడి ఉంది జీపు.

"నువ్వు పో అక్కా. నేను నీ ఎనకాలే ఉంటా," అన్నాడు కేశవన్.

పంకజం బస్సుల మధ్య దూరింది. తారు కాళ్ళను కాలుస్తోంది. కీ పిడికిట్లో ఉంది. వంగి, లారీ చక్రం పక్కనుంచి పాకినట్టే పోయి... టార్పాలిన్ ఎత్తింది.

రాఘవన్! ఉన్నాడు! బతికే ఉన్నాడు!

"అక్కా? నువ్వేంది ఈడ?"

"ష్!"

ముందు సీట్లో ఇద్దరూ గేటు వైపే చూస్తున్నారు. ఆమె జీపులోకి ఎక్కేసింది. బేడీ అందుకుంది.

"వద్దక్కా! తియ్యొద్దు!"

భయపడుతున్నాడు పిచ్చివాడు. చిన్నప్పుడు ఇంజెక్షన్‌కీ ఇలాగే చెయ్యి లాక్కునేవాడు. కీ రంధ్రంలో దూరింది. తిరిగింది.

చిటుక్!

బేడీ ఊడి కడ్డీకి వేలాడింది.

"దిగు! బిరీన దిగరా!"

రాఘవన్ దిగలేదు.

"ఎంత పని చేసినావక్కా... పాండియన్ నా మనిషి. నేనే పిలిపించుకున్నా!"

"ఏంది?"

"సౌందరరాజన్ మనిషి పది దినాలుగా వీధి చివర కాపలా ఉండాడు. నేను గడప దాటితే ఏసేస్తాడు. పోలీసోళ్ళు పట్టుకోని పోతే మాత్రం చెయ్యి పెట్టడు. అందుకే వాని కండ్ల ముందరే బేడీ ఏయించుకున్నా. అరియాంకుప్పంలో పడవ ఉంది. సోమవారం దాకా సముద్రం మీదే..."

"నాతో ఒక మాట చెప్పకపోతివే!"

"నీ ఏడుపు నిజంగా ఉండాల గదక్కా. అది చూసే వాడు నమ్మాల."

పంకజం వెనక్కి తిరిగి టార్పాలిన్ వైపు చూసింది.

"ఆ కాపలా మనిషి... ఎట్లుంటాడు?"

"బైకు మీద ఉంటాడు. కొరియర్ సంచి ఏసుకుని..."

దూరంగా రైలు కూత!

టార్పాలిన్ పక్కకు తొలిగింది.

కేశవన్ హెల్మెట్ తీసేశాడు. జీపు మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఎడం చేత్తో కడ్డీ పట్టుకుని పైకి లేచాడు. కుడిచెయ్యి ముందుకు తిప్పుకున్న కొరియర్ సంచిలో ఉంది.

"శానా సంతోషం అక్కా," అన్నాడు అదే ఇంటి తెలుగులో. "నువ్వు ఒట్టేసి చెప్పకుంటే నేను ఎనక్కి పోయుందును."

చెయ్యి బయటికొచ్చింది. పిస్తోలు!

ముందు సీట్లోంచి ఇన్‌స్పెక్టరు వేషంలో ఉన్న పాండియన్ తిరిగి చూశాడు. అంతే... ఇన్‌స్పెక్టరు ఒక పక్క, కానిస్టేబులు ఒక పక్క దూకి పరారు! ఖాకీ అద్దెకు దొరుకుతుంది గానీ ధైర్యం దొరకదు.

రైలు దగ్గరపడుతోంది. పట్టాలు అదురుతున్నాయి.

పిస్తోలు రాఘవన్ గుండె వైపు లేచింది.

తనే తీసుకొచ్చింది! తన నోటితో, ఒట్టు పెట్టి మరీ, తమ్ముడి చావును బైకెక్కించుకొచ్చింది! పంకజానికి ఆ క్షణాన చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు కనబడింది.

కడ్డీకి వేలాడుతున్న ఖాళీ బేడీ. దాని పక్కనే... కేశవన్ ఎడం చెయ్యి!

ముప్పై ఏళ్ళుగా ఎంతమంది నటులకు తొడిగి చూపించిందో లెక్కలేదు. మణికట్టు మీద చిన్న దెబ్బ వేస్తే చాలు, అదే చుట్టుకుంటుంది.

టక్!

కేశవన్ ఉలిక్కిపడ్డాడు. ఆమె పిస్తోలుకు అడ్డంగా పడి అతన్ని వాటేసుకుంది.

"పరిగెత్తరా! రాఘవా, పరిగెత్తు!"

"అక్కా..."

"సోమవారం! కోర్టు! పో!"

రాఘవన్ ముందు సీటు మీదుగా దూకాడు. గేటు కడ్డీ కింద దూరాడు. పట్టాలు... ఒక పట్టా... రెండో పట్టా... అవతలి కడ్డీ!

ఇంజను అతని వెనకే దూసుకొచ్చింది!

ఇక మధ్యలో రైలు. పెట్టె వెనక పెట్టె. చూపుకు ఆనదు, తూటాకూ అందదు.

కేశవన్ ఆమెను విదిలించి కొట్టాడు. జీపు గోడకు తల తగిలింది. అతను చెయ్యి గుంజాడు. కడ్డీ కదల్లేదు. మళ్ళీ గుంజాడు. మణికట్టు తోలు లేచింది.

బస్సు కిటికీల్లో తలలు కనబడుతున్నాయి. ఎవరో కేక పెట్టారు. ఎవరో ఫోను ఎత్తారు.

వెనకనుంచి విజిల్!

సిగ్నల్ దగ్గరి ట్రాఫిక్ పోలీసు! బండి మీద, చెమటలు కక్కుతూ, వాహనాల మధ్య దారి చేసుకుంటూ వస్తున్నాడు. ఆ కీ కోసం ఇంత దూరం వచ్చాడు!

"కీ ఇయ్యి." పిస్తోలు ఆమె నుదుటికి ఆనింది. "ఇచ్చేసి పో అక్కా. నిన్నేమీ చెయ్యను. నా బతుకు పోతాది!"

పంకజం చేతిలో కీ. ఇచ్చేస్తే తను బతుకుతుంది. పడవ మాట ఇతను వినే ఉంటాడు. బైకెక్కితే అక్కడికి పది నిమిషాలు.

రాఘవన్ ఇంకా రోడ్డు మీదే ఉంటాడు. నడిచే పోవాలి వాడు.

"మనోళ్ళం అక్కా మనం," అన్నాడు కేశవన్. గొంతు బతిమాలుతోంది. "ఒగ భాషోళ్ళం."

"అవును నాయనా. అందుకే నమ్మినా."

చెయ్యి విసిరింది.

ఎండలో చిన్నగా మెరిసి, కదులుతున్న చక్రాల మధ్యకు పోయి పడింది తాళంచెవి.

"ఏయ్!"

ఆఖరి పెట్టె దాటిపోయింది. మోత తగ్గింది. పట్టాల అవతల రోడ్డు ఖాళీగా ఉంది. రాఘవన్ లేడు.

విజిల్ జీపు పక్కకే వచ్చేసింది.

"ఏమ్మా! ఆ కీ ఎక్కడ?"

పంకజం నుదుటి మీద పిస్తోలుంది. అయినా నవ్వొచ్చింది. ఖాళీ అరచేతులు రెండూ చాపి చూపించింది.

"నా దగ్గర ఏ కీ లేదు సార్. ఇప్పుడు పెట్టుకోండి కేసు."

పిస్తోలు పేలింది. ధన్!