మూల బోనులో దూప

సిద్దిపేట జిల్లా ములుగు దగ్గర మందులు పరీక్షించే ల్యాబులో స్వర్ణది ఎలుకల గది పని. ఒక్కో బోనులో ఒక్కో ఎలుక. అది ఎన్ని నీళ్లు తాగింది, కింది గొట్టంలోకి ఎంత మూత్రం పోసింది, రెండూ కొలిచి చెప్పాలి. దాన్నిబట్టే కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో సార్లు లెక్కగడతారు. ఎలుకలు చీకట్లోనే మెలకువగా ఉంటాయని ఆ గదిని పగలంతా చీకటిగా ఉంచుతారు. చిన్న ఎర్ర లైటు ఒక్కటే వెలుగుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె తప్ప లోపల ఎవరూ లేరు. సెలవైనా, పనైనా ఆమెకు ఒకటే. భర్త జయరాజ్ పోయి ఏడాది కావస్తోంది. సిద్దిపేట దవాఖానలో కిడ్నీలు చెడిపోయి, మూత్రం బందై మంచాన పడ్డప్పుడు, "దూపైతుందే, ఒక్క గుక్క నీళ్లు..." అని బతిమాలేవాడు. డాక్టర్లు వద్దన్నారు. ఆమె తడిదూదితో పెదవులు తుడిచేది, అంతే. ఇప్పుడు కిరాయి ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఎలుకలతోనే మాట్లాడుకుంటోంది.

దాణా వాసన, మూత్రం ఘాటు, జాలీల మీద గోళ్ల చప్పుడు. ఉన్నట్టుండి గోళ్లన్నీ ఆగిపోయాయి.

బుడుక్...

మూల బోను. అందులోని ఎలుక నిన్ననే చచ్చింది. స్వర్ణే తీసి పారేసింది. అయినా నీళ్ల సీసాలో బుడగ లేచింది. ఇంకొకటి...

ల్యాబు చూసే భానుప్రకాశ్ సారుకు ఫోన్ చేసింది.

"సార్, మూల బోనుల కొత్త ఎలుకను పెట్టిన్రా?"

"లేదమ్మా, ఖాళీదే ఆ బోను. సీసా కారుతుండొచ్చు, చూడు."

తడిమి చూసింది. జాలీ పొడిగా ఉంది. కింది గొట్టంలో చుక్క లేదు. పైన సీసాలో మాత్రం నీళ్లు తగ్గుతున్నాయి.

తాగుతోంది... పోయడం లేదు. జయరాజ్‌కూ అంతే, దూపే తప్ప మూత్రం లేదు.

తలుపు వైపు ఒక అడుగు వేసింది. కానీ బయటికి పోబుద్ధి కాలేదు.

"నువ్వేనా?" అంది గుసగుసగా. "తాగయ్యా... ఇప్పుడెవరు వద్దంటరు?"

సీసా నింపి తగిలించింది. గటగటా ఖాళీ అయింది. మళ్లీ నింపింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "మెల్లగ... మెల్లగ తాగు."

చప్పుడు ఆగింది. చీకట్లో ఎవరిదో తడి ఊపిరి...

"ఇంకిన్ని పొయ్యి, బిడ్డా..."

స్వర్ణ చెయ్యి సీసా మీదే ఆగింది. అది జయరాజ్ గొంతు కాదు. ఎవరో ముసలామెది. ఆ మాట బోనులోంచి రాలేదు...

ఆమెకూ తలుపుకూ నడుమనుంచి వచ్చింది.