కొత్త సిస్టమ్‌లో నాన్న గొంతు

ఆ ఉదయం ఆవిడ వంటింట్లో కాఫీ కలుపుతుండగా, ముందుగదిలోంచి ఎవరో కుర్రవాడు "నమస్కారం. దయచేసి నాకు కాఫీ ఇవ్వండి" అన్నాడు. చేతిలో చెంచా జారింది. చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వచ్చినవాడెవడా అని వెళ్ళి చూస్తే, బల్ల దగ్గర భర్త ఒక్కడే ఉన్నాడు. మాట కంప్యూటర్లోంచి వచ్చింది. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"నా ఇంట్లో నాకు నమస్కారం పెట్టే ఈ మగాడెవడురా?" అని ఆవిడ కొడుకుని పిలిచి నిలదీసింది.

ఆయన ఉద్యోగమున్నన్నాళ్ళూ రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పినవాడు. గొంతులో పుండు లేచి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసెయ్యాలన్నప్పుడు, తలుపులేసుకుని తన మాటలన్నీ తనే రికార్డు చేసుకున్నాడు. ఆ రోజుల్లో ఆవిడ మిక్సీ వెయ్యలేదు, కుక్కరు పెట్టలేదు, కాకి అరిచినా కిటికీలోంచి ఉరిమి చూసింది. ఆ మాటలన్నీ ఒక ప్రోగ్రాంలో పెట్టారు. బటన్ నొక్కితే "ఏమోయ్, కాఫీ ఏదీ?" అని అచ్చంగా ఆయన గొంతే పలికేది. ఆపరేషన్ అయ్యాక కూడా ఆ మొగుడూ పెళ్ళాలు హాయిగా పోట్లాడుకుంటూనే ఉన్నారు.

అదంతా పోయిన ఆదివారం దాకా. కొడుకు ఓ ఆఫీసులో కంప్యూటర్లు చూసే పనిలో ఉన్నాడు. తండ్రి కంప్యూటర్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిందనీ, ఇంటర్నెట్ దొంగలు సులువుగా దూరతారనీ, తల్లిదండ్రులు బయటికెళ్ళిన పూట దాన్ని తీసేసి వేరేది ఎక్కించాడు. ఉత్తరాలకీ ఫొటోలకీ పద్దులకీ బదులు ప్రోగ్రాంలు వెతికి పెట్టాడు. మాటల ప్రోగ్రాం మాత్రం కొత్త సిస్టమ్‌లో తెరుచుకోనంది. పాతదే మళ్ళీ ఎక్కిద్దామంటే, ఆ ప్రోగ్రాం చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది, దాన్ని మళ్ళీ తెరవడానికి కావలసిన లైసెన్సు తాళం ఇచ్చే నాథుడు లేడు. రికార్డులన్నీ వేరే డిస్కులో దాచాడు గానీ వాటిని పలికించే దారి తెలియలేదు. వాడికి బుద్ధి తక్కువ కాదు, ఓపిక తక్కువ.

ఇక బదులు గొంతుల కోసం వేట. ఒక ప్రోగ్రాం తెలుగుని ముక్కలు చేసి చదివింది. ఇంకోదాంట్లో ఆడగొంతు తప్ప వేరేది లేదు. మూడోవాడు ఈ నమస్కారాల కుర్రాడు. పైగా వీడు సగం మాట కొట్టగానే మిగతాది తనే పూరించేస్తాడు. కాఫీ తాగి ఆయన "చల్లారిపోయింది" అని కొట్టబోతే, మొదటి అక్షరానికే "చాలా బాగుంది" అనేశాడు. ఇంత మర్యాద ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"అలవాటు పడతారమ్మా. పని జరుగుతోందిగా" అన్నాడు కొడుకు.

అప్పుడే డాక్టరు ఫోన్ చేస్తే కొడుకు స్పీకర్లో పెట్టాడు. మింగుతుంటే నొప్పి ఏమైనా ఉందా అని అడిగింది. ఆయన వంగి టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. కొడుకు ఒక్క క్షణం చూసి, "ఏం లేదండీ, బాగానే తింటున్నారు" అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

తెర మీద ఆయన కొట్టింది "నొప్పి". తర్వాత ఆయన కీబోర్డుని బల్ల మీంచి తోసేశాడు. అది నేల మీద పడి రెండు మీటలు ఊడాయి. మాట్లాడలేని మనిషికి కోపమొస్తే ఇంకేం చేస్తాడు? కాగితం మీద రాయొచ్చు. రాసేలోపే జవాబు చెప్పేసేవాళ్ళ ముందు ఎన్ని కాగితాలు రాసినా ఒకటే.

ఆవిడ కీబోర్డు తియ్యలేదు. కొడుకుని తియ్యనివ్వలేదు.

"ఆ మెషీన్ పాతబడిందని మార్చావు. ఆయన్ని అడిగావా?"

"అడిగితే వద్దనేవారమ్మా."

"వద్దంటారని తెలిసే అడగలేదన్నమాట. ఆయన వద్దనకూడదా? ఆ మాట కూడా నువ్వే ఆయన నోట్లోంచి లాక్కుంటావా?"

తను చేసింది మంచికేనని కొడుకు ఏదో అనబోయాడు. గుమ్మంలోంచి అంతా చూస్తున్న కోడలు వచ్చి, ఊడిన మీటలు ఏరి బల్ల మీద పెడుతూ, వారం నుంచి మామయ్యగారి తరఫున అన్నిటికీ మీరే సమాధానం చెప్తున్నారు, గమనించారా అని మెల్లగా అడిగింది. తల్లి డాక్టరుకి తిరిగి ఫోన్ చేసి, భర్త కాగితం మీద రాసిందంతా ఓపిగ్గా చదివి వినిపించింది. డాక్టరు మందు మార్చి, వారంలో మళ్ళీ చేస్తానంది.

దారి కోడలు చూపించింది. మాటలు రాని పిల్లల కోసం చేసిన బొమ్మల పలక ప్రోగ్రాం ఒకటి కొత్త సిస్టమ్‌లో పనిచేస్తుంది, ఏ శబ్దాన్నైనా దాని బటన్‌కి తగిలించొచ్చు. పాత రికార్డుల్ని మామూలు శబ్దాలుగా విడగొట్టే సాధనాన్ని కొడుకు వెతికి పట్టుకున్నాడు. వచ్చాయి గానీ, ఏది ఏ మాటో పేరు లేకుండా వచ్చాయి. ఒక్కొక్కటీ వినాల్సిందే. నేనొక్కణ్ణే కూర్చుని తేల్చేస్తానన్నాడు వాడు. తల్లి చూసిన చూపుకి కుర్చీ తెచ్చుకుని తండ్రి పక్కన కూర్చున్నాడు.

బొమ్మలు తీసెయ్యనా అని అడిగాడు, ఆయన తలూపాక తీశాడు. ఒక్కో మాట వినిపించి, ఎక్కడ పెట్టను నాన్నా అని అడిగి, ఆయన వేలు కదిలేదాకా ఆగాడు. ఆగడం మొదట్లో వాడికి చచ్చేంత పనైంది. తిట్లన్నీ పై వరసలో, చేతికి దగ్గరగా ఉండాలని ఆయన పట్టుబట్టాడు. రికార్డుల్లో నొప్పి అనే మాటే లేదు. అది రికార్డు చెయ్యాలని ఆయనకి తోచలేదు కాబోలు. అలాంటివి టైపు చేస్తే నమస్కారాల కుర్రాడే పలుకుతాడు, పోనీలే అన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు.

వారానికి డాక్టరు ఫోన్ చేసింది. కొడుకు ఫోన్‌ని తండ్రి ముందు పెట్టాడు. నొప్పి ఎలా ఉందని డాక్టరు అడిగింది. ఆయన వేళ్ళు మీటలు వెతుక్కుంటున్నాయి. కొడుకు ఉండబట్టలేక, "తగ్గిందండీ, నిన్నటి నుంచి" అని మొదలుపెట్టేశాడు.

"నువ్వు నోర్ముయ్‌రా" అంది కంప్యూటరు.

రైళ్ళని పిలిచిన గొంతు. గది నిండిపోయింది. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. అవతల డాక్టరు కంగారుపడి, మాట్లాడేది ఎవరని అడిగింది.

"మా నాన్నండీ" అన్నాడు కొడుకు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కొంచెం ఆగండి. ఆయనే చెప్తారు."