తర్కశాస్త్రం, బై టూ టీ

"చైనా ప్రొఫెసర్ లిన్ రాయచూరు నుంచి ప్రాణాలతో వెళ్ళాలి," అన్నాడు చీఫ్ ఫోన్లో. "ఆమె పోతే రెండు దేశాల పండితుల రాకపోకలు మూతపడతాయి. ఆ గూఢచారి రింగ్‌కి కావలసింది అదే."

ఏజెంట్ ధర్మతేజ మిర్చిబజ్జీ కొరుకుతూ సరేనన్నాడు. ఈసారి వేషం క్యాంటీన్ సర్వర్. గుండీలో కెమెరా, చేతిలో స్టీల్ ట్రే. అల్లం టీ వాసన మాత్రం అద్భుతం.

కాలేజీ హాల్లో భారత, చైనా శాస్త్ర సంప్రదాయాల మీద సెమినార్. సంస్కృతంలో ఏనాడో పోయి, చైనీస్‌లో మాత్రమే మిగిలిన ఓ తర్కగ్రంథాన్ని లిన్, పక్కనున్న మట్మారి ఊరి లెక్చరర్ చెంచయ్య కలిసి మళ్ళీ సంస్కృతంలోకి తెస్తున్నారు. చివరి అధ్యాయం ఇంకా ఆ ముసలామె బుర్రలోనే ఉంది.

రింగ్ జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ నేత్ర, ఎర్ర పట్టుచీరలో వచ్చి కప్పు అందుకుంది.

"చక్కెర తక్కువైంది."

"సిర్వారం నుంచి తెప్పిస్తున్నం, మేడం."

కోడ్ కుదిరింది. "విషం టీల కలుపుతరు," గొణిగింది నేత్ర. "స్టేజీ మీద ఒకడు దొంగ పండితుడు. ఎవడో నాకూ తెల్వదు."

ధర్మతేజ స్టేజీ వైపు చెవి ఒగ్గాడు. ఒకాయన చైనాకి అన్నీ మనమే నేర్పామంటున్నాడు. ఇంకొకాయన చదవని గ్రంథాన్ని ఖండిస్తున్నాడు.

"వీళ్ళల్ల అసలోడే దొరుకుతలేడు," అన్నాడు ధర్మతేజ. "దొంగోణ్ణి యాడ వట్టాలె?"

అంతలో స్టేజీ మీద, లిన్ శిష్యుడికి శిష్యుణ్ణని చెప్పుకున్న లియాంగ్ వినయంగా వంగి, ఆమెకు టీ అందించాడు.

చెంచయ్యతో పనిచేసి లిన్‌కి రాయచూరు అలవాటు పట్టుకుంది. ఏ టీ అయినా బై టూ, ఒక్కొక్కరికి సగం. చెంచయ్య మైకు దగ్గరున్నాడు. ఆమె సగం టీ ఖాళీ కప్పులోకి వంచి, రెండు చేతులతో లియాంగ్‌కే ఇచ్చింది.

లియాంగ్ వద్దంటూ చేతులు వెనక్కి లాక్కున్నాడు.

గురువుకు గురువు రెండు చేతులా ఇచ్చిన టీని ఏ చైనా శిష్యుడు కాదంటాడు? ధర్మతేజ పరిగెత్తాడు. లిన్ పెదవులకు తగలబోతున్న కప్పును ట్రే ఎగరగొట్టింది. లియాంగ్ నడుముకి చెయ్యి పోనిచ్చేలోపు నేత్ర పిస్టల్ అతని మెడకు ఆనింది.

"కూసోవయ్యా. సెమినార్ అయిపోలే," అంది నేత్ర.

పోలీసులు అతన్ని ఈడ్చుకెళ్ళారు. ఖండించే పెద్దమనిషి తన శాలువా మీద టీ మరకలయ్యాయని అలిగాడు. చెంచయ్య వణుకుతూ వచ్చి, ఏం కాలేదు కదా అని సంస్కృతంలో అడిగాడు. ఏం కాలేదు గాని నిన్నటి మీ వాదన శుద్ధ తప్పంది లిన్.

చెంచయ్య వణుకు మాని తెలుగులోకి దిగాడు. "తప్పెలా అవుద్దండీ?"

హాలు ఖాళీ అయినా కేకలు ఆగలేదు. ధర్మతేజ చీఫ్‌కి మెసేజ్ పెట్టాడు: "మిషన్ ఓకే. రింగ్‌కి బుర్రే ఉంటే విషం జోలికి పోకుండా, వీళ్ళిద్దర్నీ ఒక గదిలో పెట్టి గడియ వేసేది."